దోమలను పరీక్షించిన వైద్యుడు: రోనాల్డ్ రాస్



మిరపతోట వేసినవానికి ఈ సంగతి తెలియును. ఆకు ముడుచుకొని మొక్క గిడసబారినప్పుడు, ఆ తెగులును తెచ్చిన పురుగు ఏదో తెలిసికొనక ఏదో ఒక మందు కొట్టినయెడల డబ్బు పోవును గాని తోట నిలువదు. తెల్లదోమ మోసికొని వచ్చు వైరస్ వేరు, పేనుబంక మోసికొని వచ్చు వైరస్ వేరు, తామరపురుగు మోసికొని వచ్చునది వేరు. ఒకదాని పని మరియొకటి చేయదు. గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి రైతులు ఈ పాఠమును నష్టపడి నేర్చుకొనిరి. మనుష్యులకు వచ్చు జ్వరముల విషయములో ఇదే పాఠమును లోకమునకు నేర్పినవారిలో ముఖ్యుడు ఒక సైనిక వైద్యుడు. ఆయన దానిని కష్టపడి నేర్చుకొన్న స్థలము మన సికిందరాబాదు. ఆయన పేరు రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ కొండలలోని ఆల్మోరాలో జన్మించెను. మీరట్‌లో సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడు దినములే అయ్యెను. తండ్రి సైన్యములో అధికారి. పదిమంది బిడ్డలలో రోనాల్డ్ పెద్దవాడు. 8 ఏండ్ల ప్రాయమున అతనిని చదువు నిమిత్తము ఇంగ్లండులోని బంధువులయొద్దకు పంపిరి. ఆ బాలునికి కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము అనిన ప్రాణము. తండ్రి మాత్రము వైద్యుడు కావలెనని పట్టుపట్టెను. ఆ మాట త్రోసివేయలేక రాస్ 1875లో లండనులోని సెయింట్ బర్తొలొమ్యూ ఆస్పత్రిలో చదువుటకు చేరెను. మనస్సు పెట్టి చదివిన విద్యార్థి కాడు. ఒక పరీక్ష తప్పి, కొంతకాలము ఓడలలో వైద్యుడుగా పని చేసి, మరల చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి తాను పుట్టిన దేశమునకు తిరిగి వచ్చెను.

మొదటి సంవత్సరములలో ఆయన మద్రాసు రాజధానిలోను, బర్మాలోను, అండమానులోను సైనికులకు వైద్యము చేసెను. పని తక్కువగా నుండుటచేత పద్యములు, కథలు వ్రాయుచు, గణితశాస్త్రము తనంతట తానే నేర్చుకొనుచుండెను. 1883లో బెంగుళూరులో ఆయన బసచేసిన బంగళాలో దోమలు విపరీతముగా నుండెను. వెదకి చూడగా, కిటికీ దగ్గర నుంచిన నీళ్ళ తొట్టిలో దోమపిల్లలు మెలికలు తిరుగుచుండెను. తొట్టిని ఒలికించగానే దోమలు తగ్గిపోయెను. దోమను చంపుటకంటె దోమ పుట్టు నీటిని పారబోయుట సులభమని ఆయన ఆ దినమున చూచెను. అయితే దోమకును జ్వరమునకును సంబంధమున్నదని ఆయనకు అప్పటికింకను తెలియదు.

ఆ కాలమున ఎవరికిని సరిగా తెలియదు. చలిజ్వరమును మన పెద్దలు మన్నెపు జ్వరమనిరి. అడవి గాలి సోకుటచేతనో, నీరు మారుటచేతనో వచ్చునని తలంచిరి. పాశ్చాత్యులును అట్లే తలంచి, చెడుగాలి అను అర్థమిచ్చు మలేరియా అను పేరు దానికి పెట్టిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు ఆల్జీరియాలో రోగి రక్తమును సూక్ష్మదర్శినితో చూచి, అందులో కదలాడు ఒక సూక్ష్మప్రాణిని కనుగొనెను. జ్వరమునకు కారణము అదియే. కాని అది ఒకని రక్తములోనుండి మరియొకని రక్తములోనికి ఎట్లు చేరును? ఆ ప్రశ్నకు జవాబు లేకుండెను.

అంతకు కొన్ని యేండ్ల ముందే, 1877లో, చైనాలోని అమోయ్ పట్టణములో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు బోదకాలు వ్యాధిని శోధించుచు, ఆ వ్యాధి కలుగజేయు సన్నని పురుగులు దోమ త్రాగిన రక్తముతో దాని కడుపులోనికి పోయి అక్కడ పెరుగునని చూపెను. దోమ మనిషి రోగమునకు వాహనము కాగలదని తెలిసినది అప్పుడే. 1894లో రాస్ సెలవుమీద లండనుకు పోయినప్పుడు మాన్సన్ ఆయనకు మలేరియా ప్రాణిని సూక్ష్మదర్శినిలో చూపి, దీనిని కూడ దోమయే మోయుచుండవచ్చునని తన ఊహను చెప్పెను. ఆ ఊహ రాస్ హృదయములో నాటుకొనెను.

1895 ఏప్రిల్‌లో ఆయన సికిందరాబాదు చేరెను. బేగంపేటలోని సైనిక ఆస్పత్రిలో పని. అచ్చట జ్వరపడినవారికి కొదువ లేదు, దోమలకును కొదువ లేదు. ఆయన దోమలను పట్టి, రోగులను కుట్టించి, తరువాత ఒక్కొక్క దోమను సూదిమొనలతో చీల్చి, దాని శరీరమంతయు సూక్ష్మదర్శినిలో వెదకుచుండెను. ఇందులో రెండు పొరపాట్లు ఆయన దారికి అడ్డమాయెను.

మొదటిది మాన్సన్ ఊహలోనిదే. దోమ ఒకసారి రక్తము త్రాగి, నీటిమీద గ్రుడ్లుపెట్టి చచ్చునని, ఆ నీటిని త్రాగినవారికి జ్వరము వచ్చునని ఆయన తలంచెను. రాస్ కూడ అట్టి నీటిని ఒప్పుకొన్న మనుష్యులకు త్రాగించి చూచెను. ఒకనికి జ్వరము వచ్చెను. ఆయన పొంగిపోయెను. తరువాత మరికొందరికి ఇచ్చి చూడగా ఏమియు కాలేదు. ఒక్కసారి జరిగినది ఋజువు కాదని ఆయన గ్రహించవలసి వచ్చెను.

రెండవ పొరపాటు ఇంకను లోతైనది. ఆయన పట్టిన దోమలు రెండు విధములు: బూడిదరంగు దోమలు, చారల దోమలు. ఇవి ఇండ్లలో సులభముగా దొరకును. కాబట్టి వీటినే మరల మరల పరీక్షించెను. వందలకొలది దోమలను చీల్చినను ఫలితము లేదు. మలేరియా ప్రాణి వాటి కడుపులో చచ్చి జీర్ణమైపోవుచుండెను. ఏ దోమ అయిననేమి, దోమ దోమయే గదా అను తలంపు ఆయన రెండేండ్ల కష్టమును మ్రింగివేసెను. దానికి తోడు ప్రభుత్వము ఆయనను నడుమ బెంగుళూరుకు పంపి పట్టణపు పారిశుద్ధ్యము పని అప్పగించెను. 1897లో నీలగిరి లోయలో జ్వరములను విచారింపబోయి ఆయనయే చలిజ్వరమున పడెను. ఆ ప్రాంతముననే, రెక్కలమీద మచ్చలుండి, తోక పైకెత్తి వాలు ఒక క్రొత్తరకపు దోమ ఆయన కంట పడెను.

ఆ యేడు జూన్‌లో ఆయన మరల సికిందరాబాదు వచ్చెను. ఎండ మండిపోవుచుండెను. పంకా వేయించుకొనిన గాలికి చిన్నదోమలు ఎగిరిపోవును గనుక పంకా లేకయే పని చేసెను. నుదుటినుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను, కంటిదగ్గరి అద్దము పగిలియుండెను. తెలిసిన దోమలన్నియు వ్యర్థమని తేలగా, మచ్చరెక్కల దోమకొరకు ఆయన మనుష్యులను పంపి వెదకించెను. ఆగస్టు నడుమ ఆయన సహాయకుడు ఒక సీసాలో దోమపిల్లలను తెచ్చెను. అవి రెక్కలు వచ్చి పైకి లేవగా మచ్చలు కనబడెను.

ఇక్కడ ఆయన చేసిన పరీక్ష ఎట్టిదో మనము నిదానముగా చూడవలెను. ఎగురుచున్న దోమను పట్టినయెడల అది అంతకుముందు ఎవరిని కుట్టినదో, ఏమి త్రాగినదో ఎవరు చెప్పగలరు? కాబట్టి నీటిలోనుండి తానే పెంచిన, ఏ రక్తమును ఎరుగని దోమలనే ఆయన తీసికొనెను. తరువాత, రక్తములో మలేరియా ప్రాణి ఉన్నదని ముందే చూచిన రోగిని కుట్టించెను. ఆ రోగి పేరు హుస్సేన్ ఖాన్. ఆగస్టు 16న దోమతెర లోపల పండుకొని అతడు 10 దోమలచేత కుట్టించుకొనెను. దోమకు ఒక అణా చొప్పున 10 అణాలు పుచ్చుకొనెను. అటుతరువాత రాస్ దోమలను బ్రతికించి దినములు గడువనిచ్చెను. కొన్ని చచ్చెను. కొన్నిటిని చీల్చి చూడగా ఏమియు కనబడలేదు.

ఆగస్టు 20న, దోమలు కొద్దిగానే మిగిలియుండగా, ఆయన మరియొక దానిని చీల్చెను. కన్నులు అలసియుండెను. కడుపు గోడలో గుండ్రని కణములు కనబడెను. వాటిలో నల్లని రేణువులు ఉండెను. ఆ నల్లని రేణువులు మలేరియా ప్రాణికి గుర్తు; దోమ శరీరములో వేరెచ్చటను ఉండవు. మరునాడు మిగిలిన దోమను చీల్చగా అవే కణములు మరింత పెద్దవై యుండెను. అనగా ఆ ప్రాణి దోమలో చావలేదు, పెరుగుచున్నది. ఆయన ఆ రాత్రి దేవునికి కృతజ్ఞత చెప్పుచు కొన్ని పద్యములు వ్రాసికొనెను. మచ్చరెక్కల దోమకు శాస్త్రజ్ఞులిచ్చిన పేరు అనాఫిలిస్.

పని సగమే అయినది. పెరిగిన ప్రాణి దోమనుండి మనిషికి ఎట్లు పోవునో తెలియవలెను. ఇంతలో ప్రభుత్వము ఆయనను మలేరియా అరుదైన రాజపుటానాకు బదిలీ చేసెను. మాన్సన్ మొదలగువారు ఇంగ్లండులో పోరగా, 1898లో ఆయనను శోధన నిమిత్తము కలకత్తాకు పంపిరి. అక్కడ అప్పుడు ప్లేగు భయము వ్యాపించి జనులు రక్తము తీయనీయకుండిరి. అందుచేత రాస్ పిచ్చుకలకు వచ్చు మలేరియాను పట్టుకొనెను. ఆశ్చర్యమేమనగా, మనిషి మలేరియా విషయములో పనికిరాని ఆ బూడిదరంగు దోమయే పక్షి మలేరియాను చక్కగా మోసెను! దోమ చెడ్డదా మంచిదా అను ప్రశ్న కాదు. ఏ దోమ, ఏ రోగము అనునదే ప్రశ్న. జూలైలో, ఆ ప్రాణి సూక్ష్మమైన పోగులవలె దోమ ఉమ్మి గ్రంథులలోనికి చేరుట ఆయన చూచెను. అట్టి దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలు రోగము తెచ్చుకొనెను. రోగము త్రాగు నీటిలో లేదు, గాలిలో లేదు. దోమ కాటులో ఉన్నది.

మనిషి మలేరియాలో అనాఫిలిస్ దోమ పూర్తి మార్గమును అదే సంవత్సరమున ఇటలీలో గ్రాసియు ఆయన తోడివారును స్థిరపరచిరి. ఘనత ఎవరిదను విషయమై రాస్‌కును గ్రాసికిని కలిగిన కలహము చాల యేండ్లు నడిచెను. రాస్ మాటలు కఠినముగా నుండెను. ఓర్పుతో దోమలను చీల్చినవాడు మనుష్యులయెడల అంత ఓర్పు చూపలేదు. అదియు ఆయన జీవితములోనిదే గనుక దాచనక్కరలేదు. అట్లే, సికిందరాబాదులో దోమపిల్లలను వెదకి తెచ్చినవారు, 10 అణాలకు కాటు సహించిన హుస్సేన్ ఖాన్, కలకత్తాలో రాత్రింబగళ్ళు పక్షులను దోమలను కాపాడిన మహమ్మద్ బక్స్ వంటివారు లేకున్న ఆ పని జరిగెడిది కాదు.

1899లో రాస్ ఇంగ్లండు చేరి లివర్‌పూల్‌లో అధ్యాపకుడాయెను. 1902లో ఆయనకు వైద్యశాస్త్రములో నోబెల్ బహుమానము వచ్చెను. భారతదేశములో పుట్టినవారిలో ఆ బహుమానము పొందిన మొదటివాడు ఆయనే. పేరు వచ్చెను గదా అని ఊరకుండక, సియెర్రా లియోన్, సూయజ్ కాలువ దగ్గరి ఇస్మాయిలియా, మారిషస్ మొదలగు చోట్లకు పోయి, నిలువనీటిని తీసివేయించి జ్వరమును తగ్గించు ఉపాయములను బోధించెను. ఊరిలోని దోమలన్నియు చావనక్కరలేదని, ఒక మట్టమునకు తగ్గించినయెడల రోగము తనంతట తానే సన్నగిల్లునని లెక్కలు వేసి చూపెను. 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూసెను. హైదరాబాదు నల్లకుంటలో జనులు కోరంటి దవాఖానా అని పిలుచు జ్వరముల ఆస్పత్రికి ఆయన పేరే పెట్టిరి. ఆగస్టు 20ని లోకమంతట దోమల దినముగా జ్ఞాపకము చేసికొందురు.

రాస్ వెదకినది సూక్ష్మదర్శినిలో కనబడు ప్రాణిని. వైరస్ అట్లు కనబడదు. అది అంతకంటె ఎన్నో రెట్లు చిన్నది. అయినను పరీక్షించు మార్గము అదియే. 1881లోనే క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే, పచ్చజ్వరమను ఘోరవ్యాధిని ఒక చారల దోమ తెచ్చునని చెప్పెను. కాని ఆయన తన పరీక్షలలో దోమకు చాలినన్ని దినములు ఇవ్వలేదు గనుక స్పష్టమైన ఋజువు దొరకలేదు. 1900లో వాల్టర్ రీడ్ నాయకత్వమున వచ్చిన అమెరికా వైద్యులు, రోగిని కుట్టిన దోమను సుమారు 12 దినములు ఉంచిన తరువాతనే అది రోగము నంటింపగలదని తెలిసికొనిరి. వారిలో జెస్సీ లాజియర్ అను యువ వైద్యుడు దోమ కాటువలన అదే జ్వరము తగిలి ఆ సెప్టెంబరులో మరణించెను. 1901లో ఆ రోగకారణము బాక్టీరియాలను ఆపు వడపోతను కూడ దాటిపోవు వైరస్ అని తేలెను.

నేటి ప్రయోగశాలలలో దోమలను గ్రుడ్డునుండి పెంచుదురు. పలుచని పొర గుండా వైరస్ కలిపిన వెచ్చని రక్తమును త్రాగింతురు. వెచ్చదనము, తేమ సరిచూచి ఒకటి రెండు వారములు ఉంచుదురు. తరువాత మూడు ప్రశ్నలు వేయుదురు. వైరస్ కడుపు గోడలో నాటుకొన్నదా? అచ్చటనుండి తప్పించుకొని కాళ్ళకు రెక్కలకు వ్యాపించినదా? ఉమ్మిలోనికి వచ్చినదా? దోమ తొండమును సన్నని గాజుగొట్టములో నుంచి ఉమ్మి పట్టి చూతురు. మూడు గడపలు దాటినప్పుడే ఆ దోమ ఆ వైరస్‌ను మోయగలదని చెప్పుదురు. వైరస్ శోధనకై పూనాలో 1952లో స్థాపించిన సంస్థ ఇట్టి పనులకు మన దేశములో పేరుపొందినది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2005, 2006 సంవత్సరములలో చికున్‌గున్యా మన ఆంధ్రదేశపు ఊళ్ళను మంచాన పడవేసిన సంగతి పెద్దలు మరచిపోలేదు. కీళ్ళు పట్టుకొని పత్తి తీయలేక, మిరపకాయ కోయలేక కూర్చుండిరి. ఇక్కడ దానిని మోసినది ముఖ్యముగా ఏడిస్ ఈజిప్టై అను చారల దోమ. అదే కాలమున హిందూ మహాసముద్రములోని రీయూనియన్ ద్వీపములో ఆ దోమ అరుదు. అయినను జ్వరము ప్రబలెను. 2007లో ప్రయోగశాలలో పరీక్షింపగా, ఆ వైరస్‌లో ఒక చిన్న మార్పు కలిగి, ఏడిస్ ఆల్బోపిక్టస్ అను మరియొక దోమలో అది మునుపటికంటె బాగుగా పెరుగుచున్నదని తేలెను. కాబట్టి ఒకసారి పరీక్షించి చాలించుటకు వీలులేదు.

ఇట్టి పరీక్షలు ఎవరికి భయపడవలెనో చెప్పుటయే గాక, ఎవరికి భయపడనక్కరలేదో కూడ చెప్పును. ఎయిడ్స్ వైరస్ దోమలో పెరుగదు, కడుపులోనే జీర్ణమైపోవును. ఆ రోగి ఇంట దోమ కుట్టినందున ఎవరికిని అది రాదు. 2020లో కరోనా వైరస్‌ను మూడు రకముల దోమల శరీరములోనికి సూదితో ఎక్కించి చూచినను అది వాటిలో వృద్ధి కాలేదు. కాబట్టి ఎయిడ్స్ రోగిని చూడబోవునప్పుడు దోమ నెపము చెప్పి గడప బయటనే నిలిచిపోకుడి. అతని మంచము ప్రక్కను కూర్చుండుడి.

ఇక మన ఇండ్ల సంగతి. డెంగ్యూను, చికున్‌గున్యాను మోయు చారల దోమ పగటిపూట కుట్టును. మురుగులో గాక మనము దాచుకొను మంచినీటిలోనే అది గ్రుడ్లు పెట్టును: నీళ్ళ గాబులు, మందు కొట్టుటకు చేనిలో నింపియుంచిన డ్రమ్ములు, వాడని రోళ్ళు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు. మలేరియా దోమ సందెవేళనుండి తెల్లవారువరకు కుట్టును. అది కాలువల అంచులను, బావులను, నిలిచిన తేటనీటిని కోరును. మెదడువాపు జ్వరమును తెచ్చు దోమ వరిమళ్ళలో పెరుగును. ఆ వైరస్ పందులలోను కొంగలలోను ఉండును. బోదకాలు దోమకు మురుగుగుంట చాలును. ఊరి బయట మురుగుకాలువకు మందు చల్లి, ఇంటి గాబును మూత లేక విడిచినయెడల డెంగ్యూ తగ్గదు. తెల్లదోమ ఉన్న చేనిలో కాయతొలుచు పురుగుకు మందు కొట్టినట్లే యగును.

గ్రుడ్డునుండి దోమగా ఎగురుటకు మన వేడిలో వారము పది దినములు పట్టును. కాబట్టి వారమునకు ఒక దినము నియమించుకొని గాబులు, డ్రమ్ములు ఒలికించి, గోడలు కొబ్బరిపీచుతో గట్టిగా తోమి, ఆరబెట్టి, మరల నింపి మూత వేయుడి. గ్రుడ్లు తొట్టి గోడలకు అంటుకొనియుండును గనుక ఊరక నీరు పారబోసిన చాలదు. తోట పనికి వచ్చు కూలీలకు, వారి పసిబిడ్డలకు దోమతెరలు ఉన్నవో లేవో చూడుడి. జ్వరము వచ్చినయెడల అది ఏ జ్వరమో తెలియక మందు మ్రింగక, ఆరోగ్యకేంద్రములో రక్తపరీక్ష చేయించుకొనుడి.

రెండేండ్లు చీల్చిన దోమలలో ఏమియు దొరకనప్పుడు రాస్ ఆ పని మానియుండవచ్చును. మానక, తాను పరీక్షించుచున్నది సరియైన దోమయేనా అని అడిగెను. ఆ ప్రశ్న ఫలము నేడు మన చేతిలో ఉన్నది. ఈ వారము మీ గాబు మూత ఎత్తి, నీటిలో ఏమి కదలుచున్నదో చూడుడి.